ఐదో గ్రూపు

ముత్తిలింగం తెచ్చిన సంచిల
మట్టి తడి ఇంకా ఆరలేదు.
లతీఫ్‌సాబు గుట్ట ఎనక
ఒక్క చెల్కలనే దొరికిందట.
మిగిలిన చేన్లన్నీ గడ్డిమందు తాగినయట.
"వాళ్ల లెక్కల నేలుసిరి గూడ గడ్డే గదమ్మా"
అనుకుంట వేర్లు దులిపిండు.

రెమ్మ తిప్పి చూస్తే
ఆకుల కింద వరుసగా కాయలు,
ఎవరికీ కనపడొద్దని వీపున మోస్తున్నట్టు.
నీడకు ఎండబెట్టిన. దంచిన. జల్లెడ పట్టిన.
పద్దెనిమిది గంటలు మరిగితే
సీసా అడుగున మిగిలింది
తారు లాంటి ముద్ద, చెంచాడు చేదు.
నా థీసిస్‌ల దాని పేరు ఎక్స్‌ట్రాక్ట్.
వాళ్లమ్మ పసిరికల మందు అనేదట,
మేకపాలల్ల నూరి, పొద్దు పొడవకముందు పోసేదట,
ఏ ఆకో మాత్రం ఎవలకూ చెప్పేది కాదట.
నేను లాటిన్‌ల చెప్తున్న.
అది గూడ ఒకతీరుగ చెప్పకపోవుడే.

ముప్పై ఎలుకలు. తోకల మీద మార్కరు గీతలు.
మొదటి గ్రూపుకు ఉత్త నీళ్లు.
రెండోదానికి ఉత్త విషం.
మూడోదానికి దుకాణంల దొరికే మాత్ర,
నాలుగుకు ఇంత పసరు, ఐదుకు రెట్టింపు.
ఏడు దినాలు అయినంక
ఎనిమిదోనాడు వాటికి గూడ విషం.

ఆ సీసా మూత తీసిననాడు
మేత బకెటు పట్టుకొని వచ్చినోడు
గడప కాడనే ఆగిపోయిండు.
"ఈ తీపి వాసన నాకెరుకే."

చౌటుప్పల్ కాడి కంపెనీల పదకొండేండ్లు
రియాక్టర్ల దిగి కడిగిండట.
మాస్కులు ఇన్‌స్పెక్టరు వచ్చిననాడే బయటికొచ్చేవట.
ఎక్కి పైకొస్తే తల గిర్రుమనేది,
బెల్లం చప్పరించినట్టు నోరు.
"కల్లు ముట్టకుంటనే తాగుబోతు కడుపైందమ్మా."
డాక్టరు నమ్మలే.
ఎంత తాగుతవని మూడుసార్లు అడిగిండట.
మూడోసారి, ఇడిచిపెడ్తడని,
"రోజుకొక సీసా" అని చెప్పిండట.

తొమ్మిదోనాడు కత్తెర పట్టిన.
రెండో గ్రూపు కాలేయాలు పాలిపోయినయి,
వేలు తాకితే చెదిరే చద్దిముద్దలు.
ఐదో గ్రూపుది తీసిన.
నున్నగ, నిండుగ,
తొలివాన పడ్డ ఎర్రదుబ్బ రంగుల ఉన్నది.
"పని చేసింది!" అని అరిచిన,
పక్క ల్యాబు పిల్లలు గూడ ఉరికొచ్చిండ్రు.
ఫొటోలు తీసుకున్నం.
తర్వాత అరచేతిల చూసుకుంటే
మంచిగున్న కాలేయం,
దాని పక్కన ట్రేల, అది లేని ఎలుక.

ట్రేలు కడుక్కుంట, నా దిక్కు చూడకుంట,
నల్లాను అడిగినట్టు అడిగిండు:
"మరి నాకెన్ని మిల్లీగ్రాములమ్మా?"

ఎలుక రెండు వందల గ్రాములు.
ఆయన యాభై నాలుగు కిలోలు, పోయినేడు అరవై ఒకటి.
గుణకారం నాకొచ్చు.
కానీ నా పట్టికల పసరు ముందు, విషం తర్వాత.
ఆయన బతుకుల విషం ముందే వచ్చికూసున్నది.
అట్లాంటి గ్రూపు నేను పెట్టలే.
పెట్టాలని తోచను గూడ తోచలే.

పెద్దాసుపత్రికి చిట్టీ రాసిచ్చిన.
ఆకు అదీ ఇదీ తినకుమన్న,
ముందు రక్తపరీక్ష చేయించుకోమన్న.
నాలుగు మడతలు పెట్టి జేబుల వేసుకున్నడు,
మంచిదమ్మా అన్నడు.

థీసిస్ బైండింగుకు పోయింది.
ఎలుకల గది ఎనక, కడిగిన నీళ్లు పారే కాడ
సంచి దులిపిన జాగల
నాలుగు మొక్కలు లేచినయి.
మొన్న మాలి గడ్డిమందు పంపు వీపుకేసుకొని వచ్చిండు.
ముత్తిలింగం ఏమనలే.
లోపలికిపోయి ఇనుప కుర్చీ తెచ్చి
వాటి ముందర వేసుకొని కూసున్నడు,
పంపు వేరే దిక్కు మళ్లేదాక.